పదిహేనో నంబరు ముందు ఎండ

మొదటి రోజు

ఈ ఉదయం మగ్గాల వీధిలో ఒక కుక్క గెంతింది. దాని ముందు గుంట లేదు, నీళ్లు లేవు. మామూలుగా నడుచుకుంటూ వచ్చి, పదిహేనో నంబరు ఇంటి ముందు ఆగి, ఒళ్లు దగ్గరికి తీసుకుని, కాలువ దాటినట్టు దాటింది. అక్కడ నేల మీద ఎండ పడుతోంది. వీధి రాళ్ల మీద ఎండ అంత తెల్లగా ఉంటుందని నాకు తెలియదు.

నేను ఈ వీధికి నీడ గుమాస్తాని. రోజూ ఏడింటికి వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచి, పైనున్న గుడ్డలో ఎక్కడైనా ఖాళీ ఉందేమో చూసి, వార్డు ఆఫీసు రిజిస్టర్లో రాస్తాను. నాలుగేళ్లుగా 'ఖాళీలు: లేవు' అని రాస్తున్నాను. తేలికైన ఉద్యోగం. ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. అందుకే దీనికి దరఖాస్తు పెట్టాను.

ఇవాళ 'ఖాళీలు: ఒకటి. పదిహేనో నంబరు' అని రాశాను.

ఇందులో తప్పేమీ లేదు. నిన్న రాజధానిలో నవోత్తేజ ప్యాకేజీ ప్రకటించారు. నీడ పన్ను తగ్గింది. ఇప్పటిదాకా ప్రతి ఇల్లూ తన చూరు నుంచి వీధి మధ్య స్తంభాల దాకా నాలుగు బారల చలువగుడ్డ కట్టాలి. ఎదురింటి గుడ్డ అటు నుంచి వచ్చి స్తంభం దగ్గర కలుస్తుంది. ఇకనుంచి ఒక్క బార చాలు. ఒక్క బార గడప మీదికి వస్తుంది. మిగిలిన మూడు బారలూ ఎవరివి వాళ్లు తీసుకోవచ్చు.

ఈ పుస్తకం వార్డు రిజిస్టరు కాదు, నా సొంతం. కాన్వెంటులో సిస్టర్ బ్రిజిత వ్యాసం రాయించేటప్పుడు, కనపడింది ముందు రాయండి, అనిపించింది తర్వాత రాయండి అనేవారు. అన్నీ రాయక్కర్లేదు, రాసింది మాత్రం అబద్ధం కాకూడదు అని కూడా అనేవారు.

మధ్యాహ్నం మేడ గదిలో కిటికీ తెరిచి చదువుకున్నాను. మధ్యాహ్నం పూట తెరిచిన కిటికీ పక్కన కూర్చోవడం బాగుంది.

3వ రోజు

వీధి మొదట్లో పోస్టరు అంటించారు. 'నీడ మీది. నిర్ణయం మీది.' దాని కింద నిలువెత్తు నాగరత్నమక్క నవ్వుతోంది. నాగరత్నమక్క బండి పదిహేనో నంబరు ఎదురుగా, స్తంభం పక్కన ఉంటుంది. పునుగులు, మిరపకాయ బజ్జీలు, అల్లం టీ. ఆ జాగా వాళ్లమ్మ నాటి నుంచీ వాళ్లదే. చిరు వ్యాపారులకు ప్యాకేజీ మేలు చేస్తుంది కనుక చిరు వ్యాపారి ఫోటో కావాలని నెల కిందట ఎవరో వచ్చి తీసుకెళ్లారట.

అసలు నాగరత్నమక్క బండిని పదడుగులు పక్కకి జరిపి, పదమూడో నంబరు గుడ్డ కింద పునుగులు వేస్తోంది.

"నా మొహం అంత వెడల్పుంటదనుకోలా శౌరమ్మా. పుట్టుమచ్చ కూడా వదల్లేదు."

"బాగుందక్కా."

"బాగుండక? నవ్వమంటే నవ్వా. ఎందుకని అడగలా."

ప్యాకేజీలో ఆమెకేం వచ్చిందని అడిగాను.

"అదే అడిగా ఆఫీసర్ని. చాలా మర్యాదస్తుడు. కుర్చీ కూడా ఏశాడు. అమ్మా, నీకు ఇల్లు లేదు. ఇల్లు లేదు గాబట్టి చూరు లేదు. చూరు లేదు గాబట్టి గుడ్డ కట్టలేదు. కట్టని గుడ్డ నీకెట్టా తిరిగిచ్చేదీ అన్నాడు. నిజమే గదా. అట్టా అని వట్టి చేతుల్తో పంపలా. బోర్డు ఇచ్చాడు."

బోర్డు బండికి తగిలించి ఉంది. 'నవోత్తేజ లబ్ధిదారు' అన్న అక్షరాలు వెలుగుతూ ఆరుతూ ఉన్నాయి. పగలు కూడా.

"పదిహేనో నంబరు వాళ్లది ఇంకా అట్టానే ఉంది," అంది పునుగులు దేవుతూ. పైకి చూడలేదు. "చదువుకున్నోళ్లు. ఏదో ఆలోచించే చేసుంటారులే."

నేను టీ తాగి వచ్చేశాను.

5వ రోజు

ఖాళీలు: తొమ్మిది.

పదమూడు, పదిహేడు నిన్న విప్పేశారు. పదమూడో నంబరు ఆవిడని ఏమీ అడగకుండానే చెప్పింది. "నేను విప్పేదాన్ని కాదమ్మా. పదిహేను విప్పినాక కూడా కట్టి ఉంచితే, ఎదుటోళ్లు మమ్మల్ని తెలివితక్కువోళ్లనుకోరా?" పదిహేడో నంబరువాళ్లు, పదమూడు విప్పింది కనుక విప్పారు. ఎదురు వరసలో పన్నెండు నుంచి ఇరవై దాకా, ఇటు వరస విప్పింది కనుక విప్పారు. ఎవరినడిగినా మొదట విప్పింది తను కాదు.

మొదటి నంబరు ఆదిశేషు గారిది ఐదంతస్తుల ఇల్లు. అంతస్తుకి నాలుగు బారల చొప్పున ఆయన ఇరవై బారలు కట్టేవారు. తన వాకిలికి సరిపోగా మిగిలినది ఆసుపత్రి దారికి వెళ్లేది. ఇప్పుడు పదిహేను బారలు వెనక్కి వచ్చాయి. దాన్ని నడవని కారు మీద కప్పారు. కారు చల్లగా ఉండి ఉంటుంది.

రాత్రి అన్నాల దగ్గర నాన్న బులెటిన్ చదివి వినిపించారు. నాన్న నూలు మిల్లులో పద్దులు రాసి రిటైరయ్యారు. ప్రభుత్వం వేసే ప్రతి కాగితం శ్రద్ధగా చదువుతారు. ఇంట్లో ఉండేది మేమిద్దరమే కనుక వినేది నేనే.

"చూడమ్మా. మనిషి గుడ్డ మనిషి దగ్గరుంటే ఉత్సాహంగా ఉంటాడు. ఉత్సాహంగా ఉంటే బజారుకొస్తాడు. బజారుకొస్తే కొంటాడు. కొంటే ఎవరు బాగుపడతారు? మన నాగరత్నమే."

బజారుకి ఏ నీడలో వస్తాడు నాన్నా, అని అడగాలనుకున్నాను. మజ్జిగ పోశాను.

7వ రోజు

ఇంటికి నలభై కూపన్లు వచ్చాయి. ప్యాకేజీలో రెండో భాగం ఇది. వీధి బళ్ల దగ్గర ఈ కూపన్ ఇస్తే సగం ధరకే వస్తుంది. ప్రజలు కొనకుండా మందకొడిగా గడిచే గంటల్లో వ్యాపారం పెంచాలి కనుక, కూపన్లు పగలు పదకొండు నుంచి మూడు దాకా మాత్రమే చెల్లుతాయి.

ఆ గంటల్లో మనిషి ఎండలో నిలబడగలిగేది ఆరు నిమిషాలు. ఐదో నిమిషంలో ప్రతివాళ్ల మణికట్టుకీ ఉండే హెచ్చరిక బిళ్ల కూస్తుంది.

కూపన్ మీద కూడా నాగరత్నమక్క ఫోటో ఉంది.

9వ రోజు

నాగరత్నమక్క బండి తెరవలేదు.

నిన్న ప్రయత్నించింది. గొడుగు కట్టింది. గొడుగు నీడ బండికి సరిపోయింది, మనిషికి సరిపోలేదు. పొయ్యి వెలిగించకుండానే మూకుట్లో నూనె వేడెక్కింది. "గ్యాసు ఆదా," అని నవ్వింది. మణికట్టు బిళ్ల నాలుగుసార్లు కూశాక, బండిని తోసుకుంటూ చేనేత సొసైటీ వెనక తను ఉండే గదికి వెళ్లిపోయింది. తెల్లారి ఒక గంట, పొద్దుగూకాక ఒక గంట అమ్ముకోవచ్చు కదా అంటే, ఆ వేళల్లో వీధి బళ్లకి అనుమతి లేదు. గుడ్డలు సర్దుకునే వేళలవి.

జాగా రూలు నాకు కంఠతా వచ్చు. వరసగా ముప్పై రోజులు బండి తెరవకపోతే జాగా పోతుంది. జాగా పోయినవాళ్లని దిగువ శాలల్లో వంటకి తీసుకుంటారు. నగరమంతటికీ చల్లగాలి తయారయ్యే చోటు అది, నేల కింద పదకొండు అంతస్తుల లోతులో. జీతం పరవాలేదట. ఆరు నెలలకోసారి పైకి పంపిస్తారు.

ఇవాళ్టికి ఒకటి.

14వ రోజు

ఖాళీలు: నలభై ఒకటి. వీధిలో ఉన్న ఇళ్లు నలభై నాలుగు.

విప్పిన గుడ్డ ఏం చేశారన్నది చెప్పుకోవాలి. అందరూ మేడ మీద ముందునుంచీ ఉన్న సొంత గుడ్డ పైనే ఇంకో పొరగా పరిచారు. ఒక పొర ఇంత చల్లగా ఉంటే రెండు పొరలు ఇంకెంత చల్లగా ఉంటాయని వాళ్ల లెక్క. చలువగుడ్డకి కింద గాలి ఆడాలి. రెండు పొరలు ఒకదానికొకటి అంటుకుంటే అది దుప్పటి. మగ్గాల వీధిలో మూడు తరాలుగా ఈ గుడ్డ నేస్తున్నవాళ్లకి ఈ సంగతి తెలుసు. పిల్లలకి మొదట నేర్పే పాఠం అదే. అయినా అందరూ రెండు పొరలు వేసుకుని, లోపల చెమటలు కక్కుతూ కూర్చున్నారు.

ఇరవై రెండో నంబరు పిచ్చయ్య గారు ఈ వీధిలో అందరికన్నా మంచి నేతగాడు. వాకిట్లో విసనకర్రతో విసురుకుంటున్నారు. పైపొర తీసేయమని ఆయన భార్య సామ్రాజ్యమ్మ లోపలి నుంచి చెబుతోంది.

"తీస్తానే. ఎదురింటోడు తీసినాక తీస్తా."

"ఆయనేమో మీరు తీసినాక తీస్తానంటన్నాడు."

"మరింక నేనేం చేసేది?"

పదిహేనో నంబరువాళ్లు రెండో పొర వేయలేదు. గుడ్డని కిటికీ ముందు విడిగా కట్టుకున్నారు. అది సరైన పద్ధతి.

17వ రోజు

వార్డు ఆఫీసర్ గాబ్రియేలు గారు పిలిపించారు. ఆయన మంచివారు. ఎదుటి మనిషి ఇబ్బంది పడుతుంటే ఆయనే మాట్లాడేస్తారు. నాకది సౌకర్యం.

"చూడండి శౌరి గారూ, మీ రిజిస్టరు చాలా శుభ్రంగా ఉంటుంది. దస్తూరీ చూస్తేనే కాన్వెంటని తెలుస్తుంది. ఒక్కటే ఇబ్బంది. 'ఖాళీలు' అన్న గడి. నలభై ఒక్క ఖాళీలు అని పైకి పంపితే, ఏదో పోయిందన్నట్టు ఉంటుంది. పోలేదు కదా. ప్రజల దగ్గరే ఉంది కదా."

"అవునండీ."

"అందుకని ఆ గడి పేరు మార్చారు. 'ఊరట పొందిన ఇళ్లు.' అంకె అదే. మీరేమీ అబద్ధం రాయక్కర్లేదు."

ఇవాళ 'ఊరట పొందిన ఇళ్లు: నలభై ఒకటి' అని రాశాను. దస్తూరీ ఎప్పటిలాగే ఉంది.

20వ రోజు

బులెటిన్ ప్రకారం నగరంలో మొత్తం నీడ ఏడు శాతం పెరిగింది. ప్రతి పొర నీడనీ విడిగా కొలిచారట. ఆదిశేషు గారి కారు కింద నీడ కూడా అందులో ఉంది. తలసరి నీడలో మా వార్డు రెండోది.

నాన్న నాకోసం ఆ పేరా రెండుసార్లు చదివారు. తర్వాత కిటికీలోంచి వీధి వంక కాసేపు చూశారు. వీధిలో ఎవరూ లేరు. వెలుగుతూ ఆరుతూ ఉండే బోర్డు కూడా లేదు.

"అలవాటు పడటానికి కొంత టైము పడుతుంది," అన్నారు.

23వ రోజు

సొసైటీ వెనక సందు ఇరుకు కనుక అక్కడ ఇంకా సహజంగా కాస్త నీడ ఉంటుంది. గోడ పట్టుకుని నాగరత్నమక్క గదికి వెళ్లాను. బండి మంచానికి అడ్డంగా లోపలే ఉంది. దాని మీద పక్కబట్టలు మడతపెట్టి పెట్టింది.

దిగువ శాలలవాళ్లు వచ్చి ఫారం ఇచ్చి వెళ్లారట. నన్ను చదివి పెట్టమంది. చదివాను.

"అక్కడ వానొస్తే తెలుస్తదా?" అని అడిగింది.

"తెలియకపోవచ్చు."

"పైన మాత్రం ఏం వానలొస్తన్నాయిలే." ఫారం తీసుకుని సంతకం చోటు చూసుకుంది. "ఎన్నో రోజియ్యాల?"

"పదిహేను."

"సగం అయిపోయింది. నా బండి గురించి నీకున్నంత లెక్క నాకు లేదు శౌరమ్మా." నవ్వి, నా మొహంలోకి చూసింది. "నువ్వు మనసులో ఏం పెట్టుకోమాక. నువ్వు రాసేదానివే గాని నా జాగా తీసేదానివి కాదు గదా."

ఇంటికొచ్చి నాన్నతో మాట్లాడదామని ఆయన కుర్చీ దాకా వెళ్లాను. ఏమ్మా అన్నారు. కాఫీ కావాలా అని అడిగాను.

26వ రోజు

నాన్న కూపన్ వాడటానికి బయలుదేరారు. అమలు చేసి చూడకుండా విమర్శించడం తప్పని ఆయన నమ్మకం. విమర్శించింది ఎవరో చెప్పలేదు. సరిగ్గా పదకొండింటికి గొడుగు, చేతిసంచి, మూడు కూపన్లు తీసుకుని గడప దిగారు. రెండు వీధుల అవతల ఒక జామకాయల బండి ఇంకా తెరుస్తున్నారని బులెటిన్లో ఉందట.

ఐదు నిమిషాలకి బిళ్ల కూత వినపడింది. ఏడో నిమిషంలో నాన్న వచ్చారు. గొడుగు ఉంది, సంచి ఉంది, కూపన్లు ఉన్నాయి. ఒక చెప్పు లేదు. కూడలి దగ్గర తారులో ఇరుక్కుంటే వదిలేసి వచ్చారు.

కాళ్లు చల్లనీళ్లలో పెట్టించాను. కూపన్లు మూడూ లెక్కపెట్టి జేబులో పెట్టుకున్నారు.

"పథకం మంచిదేనమ్మా," అన్నారు చివరికి. "అమలులోనే లోపం."

28వ రోజు

మేడ గదిలో వార్డు రూళ్ల పుస్తకం చదివాను. నవలలు అయిపోయాయి.

పన్ను కన్నా ముందు ఈ నగరంలో ఒక ఆచారం ఉండేది. చలువగుడ్డ కొత్తగా వచ్చిన రోజుల్లో అది చాలా ఖరీదు. ఎవరింట్లో పెళ్లయినా వీధి మొత్తానికీ పందిరి వేయాలి, లేకపోతే చుట్టాలు రాలేరు. ఒక్క ఇంటికి అంత గుడ్డ ఉండదు. అందుకని పెళ్లివాళ్లు గడప గడపకీ వచ్చి అడిగితే ఇంటికి నాలుగు బారలు ఇచ్చేవాళ్లు. కాదనకూడదు. పదహారు రోజుల పండగ అయ్యేదాకా పందిరి తీయకూడదు. ఆ నాలుగు బారల అలవాటునే తర్వాత పన్ను చేశారు.

నూట పన్నెండో పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది. 'వివాహ పందిళ్ల విషయంలో ఆచారమే ప్రమాణం. పన్నులకు సంబంధించిన ఏ ఉత్తర్వూ వర్తించదు. పందిరి కింద వీధి బళ్లు యథావిధిగా నడుపుకోవచ్చు.'

పుస్తకం పట్టుకుని సందులోంచి వెళ్లి నాగరత్నమక్కకి చదివి వినిపించాను. అక్కడ పక్కింటి పనిమీద వచ్చిన సామ్రాజ్యమ్మ కూడా ఉంది.

నాగరత్నమక్క రెండోసారి చదివించుకుంది. తర్వాత నా వంక తేరిపార చూసింది.

"నీకెన్నేళ్లు?"

"ఇరవై ఆరు."

"ఎల్లుండికి పిల్లగాణ్ణి చూస్తా. ఎట్టాంటోడు కావాల?"

"అక్కా..."

"మాట్లాడనోడైతే చాలా? ఇద్దరూ చెరో పుస్తకం పట్టుకుని కూర్చోండి, పదహారు రోజులు మేం వ్యాపారం చేసుకుంటాం."

నేను నూట పన్నెండో పేజీ వంకే చూస్తూ ఉన్నాను.

"దాన్ని ఏడిపించబాకే," అంది సామ్రాజ్యమ్మ. "ఆ పిల్ల చెవులు చూడు ఎట్టా ఎర్రబడ్డాయో." కాసేపు గుమ్మంలో నిలబడి కొంగుతో మెడ తుడుచుకుంది. "మా ఆయనకి ఈ నెల్లో అరవై నిండుతన్నాయి. షష్టిపూర్తి చేస్తామని కోడలు అడిగితే, ఈ ఎండలో నాకు మళ్లీ పెళ్లేందే అన్నాడు."

"షష్టిపూర్తిలో తాళి కడతారా?" అని అడిగాను. రూలు కోసం అడిగాను.

"కట్టకేం. తలంబ్రాలు కూడా పోసుకుంటాం. మొదటిసారి సిగ్గుతో సరిగ్గా పోయలా. ఈసారి నెత్తిన బాగా కుమ్మరిస్తా."

ఇవాళ్టికి ఇరవై.

29వ రోజు

పిచ్చయ్య గారు ఒప్పుకోవడానికి ఒక పూట పట్టింది.

"ముప్పయ్యేడేళ్లు కాపరం చేసినదాన్ని మళ్లీ పెళ్లి చేసుకోవాలంటే ఆలోచించుకోవాలి గదా," అన్నారు.

"ఆలోచించుకోండి," అంది సామ్రాజ్యమ్మ. "ఆలోచించేటప్పుడు వంట కూడా చేసుకోండి."

ముహూర్తం ముప్పై ఏడో రోజుకి కుదిరింది. అంతకన్నా ముందు లేదు. ఆ మరునాటితో నాగరత్నమక్కకి ముప్పై నిండుతాయి.

31వ రోజు

గుడ్డ అడగడానికి ఇల్లిల్లూ తిరిగాం. పొద్దున్నే, ఎండ రాకముందు. సామ్రాజ్యమ్మ కుంకుమ భరిణె పట్టుకుంది, నాగరత్నమక్క అక్షింతల పళ్లెం పట్టుకుంది, నేను రిజిస్టరు పట్టుకున్నాను.

పదమూడో నంబరు ఆవిడ తలుపు తీసి, ఇంకా అడగకముందే, "నాలుగు బారలా, ఐదిచ్చేదా?" అంది. ఆమె మొహం చెమటతో నిగనిగలాడుతోంది. పదిహేడో నంబరువాళ్లు పైపొర అప్పటికప్పుడే మడతపెట్టి తెచ్చారు. ఎదురింటివాళ్లు చూస్తున్నారేమో అన్న బెంగ ఎవరికీ లేదు. పెళ్లికిస్తే ఎవరూ తెలివితక్కువవాళ్లు అనుకోరు. అందరూ ఎప్పుడు ఇవ్వమంటారా అని ఎదురుచూస్తున్నట్టు ఇచ్చారు.

ఆదిశేషు గారు కారు దగ్గరే మాట్లాడారు. "పిచ్చయ్య పెళ్లికి ఇవ్వకపోతే ఎట్టా," అని పదిహేను బారలూ ఇచ్చేశారు. కారు నిజానికి ఆ గుడ్డ కింద మరీ పెద్దగా కనపడేది. ఇప్పుడు చిన్నదిగా ఉంది.

పదిహేనో నంబరు దగ్గర ఆగలేదు. సామ్రాజ్యమ్మ ఆ గడప ముందు ఒక్క క్షణం నెమ్మదించి, నా చేతిలో రిజిస్టరు మీద కాస్త కుంకుమ పెట్టి, ముందుకి నడిచింది.

36వ రోజు

పందిరి కట్టారు. సాయంత్రం ఎండ తగ్గాక మొదలుపెట్టి, చీకటి పడేలోపు ముగించారు. ఎవరి గుడ్డ వాళ్లే కట్టాలన్నది ఆచారం. నెల రోజుల తర్వాత జనం ఒకరినొకరు చూసుకున్నారు. ఫలానావాళ్లు చిక్కారని, ఫలానావాళ్లు నల్లబడ్డారని అనుకున్నారు. ఎవరి నిచ్చెన ఎవరిదో తెలియనంతగా కలిసిపోయాయి.

ఖాళీలు: ఒకటి.

నాగరత్నమక్క బండి తెచ్చి దాని జాగాలో పెట్టింది. తల పైకెత్తి చూసింది. సరిగ్గా బండి మీదే ఆకాశం కనపడుతోంది.

"పక్కకి జరపరాదా?" అన్నారు పిచ్చయ్య గారు.

"జాగా అంటే జాగానే బాబాయ్. పదడుగులు జరిపితే తెరిచినట్టు లెక్కరాదు. మొన్ననే గాబ్రియేలు గారు కొత్తగా గీత గీసి పోయాడు." తర్వాత అందరికీ వినపడేట్టు నవ్వింది. "ఆ ఒక్కటీ లేకపోయినా పెళ్లి ఆగదులే. పునుగులే ఉండవు."

ఎవరూ పదిహేనో నంబరు వైపు చూడలేదు. అంతమంది ఒకేసారి ఒక వైపు చూడకుండా ఉండటం నేను మొదటిసారి చూశాను.

ఇవాళ్టికి ఇరవై ఎనిమిది.

37వ రోజు

ఖాళీలు: లేవు.

పెళ్లి బాగా జరిగింది. సామ్రాజ్యమ్మ అన్నంత పనీ చేసింది. పిచ్చయ్య గారి చెవుల్లోంచి తలంబ్రాలు ఇంకా రాలుతున్నాయి. పదకొండింటికి నాగరత్నమక్క పొయ్యి వెలిగించింది. వీధి మొత్తం కూపన్లు పట్టుకుని వరసలో నిలబడింది. నాన్న కూడా నిలబడ్డారు, కొత్త చెప్పులతో. మూడింటి దాకా చెల్లే కూపన్లు రెండింటికే అయిపోయాయి. పిండి కూడా అయిపోయింది.

మధ్యాహ్నం కింది గదిలో కూర్చున్నాను. మేడ గదిలో ఇవాళ చదవలేం. అరచేతులు తాడుకి ఒరుసుకుని మండుతున్నాయి. నాలుగు బారల గుడ్డ ఒక మనిషి కట్టడానికి నలభై నిమిషాలు పడుతుంది.

40వ రోజు

బులెటిన్ వచ్చింది. నాన్న చదివారు.

'నవోత్తేజ ప్యాకేజీ ఫలితాలు కనపడుతున్నాయి. మగ్గాల వీధిలో కూపన్ల వినియోగం నూటికి నూరు శాతం. పన్ను భారం తగ్గినందువల్ల ప్రజలు శుభకార్యాలకు ముందుకు వస్తున్నారు. వివాహ రంగంలో అపూర్వమైన వృద్ధి. ప్యాకేజీని మరో ఏడాది పొడిగించే ఆలోచనలో ప్రభుత్వం ఉంది.'

"చూశావా?" అన్నారు నాన్న. కానీ వెంటనే కాగితం మడిచేశారు.

వృద్ధి మాట నిజమే. పందిరి పదహారు రోజులే ఉంటుంది కనుక తర్వాతి పెళ్లి ఇప్పుడే కుదుర్చుకోవాలి. వీధిలో అరవైకి దగ్గరపడిన జంటలు తొమ్మిది ఉన్నాయి. డెబ్బై నిండినవాళ్లకి మళ్లీ తాళి కట్టే ఇంకో శాంతి ఉందట, అవి మూడు. పన్నెండు పదహార్లు నూట తొంభై రెండు. సామ్రాజ్యమ్మ జాబితా రాయమంటే రాశాను. పదమూడో నంబరు ఆవిడ తన భర్త వయసు ఏభై ఏడని ఇన్నాళ్లూ చెప్పుకుంది, ఇప్పుడు అరవై అని గాబ్రియేలు గారి ముందు ప్రమాణం చేసింది. ఆయన వయసు ధ్రువపత్రాలు చూసి, ప్రతి జంటకీ లేచి నిలబడి శుభాకాంక్షలు చెబుతున్నారు. జాబితా చివర నాగరత్నమక్క నా పేరు కూడా రాయించబోయింది. ఎదురుగా ఖాళీ గడి పెట్టి, పెళ్లికొడుకు పేరు తర్వాత నింపుకోవచ్చంది. కొట్టేశాను. మళ్లీ రాసింది.

అంటే ఇంటికి నాలుగు బారలు మళ్లీ వీధి మీదికి వచ్చాయి. ఇది పన్ను కాదు కనుక ఎవరికీ బాధ లేదు.

దిగువ శాలల ఫారం చింపి పొట్లాలు కట్టడానికి వాడుతోంది నాగరత్నమక్క. సాయంత్రం రిజిస్టరు రాసుకుని వస్తుంటే పిలిచి, వేడి పునుగుల పొట్లం చేతిలో పెట్టింది. కూపన్ ఇవ్వబోతే తీసుకోలేదు.

"నీకు కాదు. పదిహేనో నంబరు వాళ్లకియ్యి."

"సరే అక్కా."

"పచ్చడి లోపలే ఉంది. కారిపోకుండా పట్టుకో."

పదిహేనో నంబరు గడప ఎక్కి, పొట్లం నాన్నకిచ్చాను. ఆ ఇల్లు మాది. మేడ గది కిటికీకి నీడ కావాలని, మొదటి రోజు తెల్లవారుజామున నాన్న లేవకముందే నిచ్చెన వేసుకుని ఆ గుడ్డ విప్పింది నేను.